గడియారం పక్కన ఎవరికి చోటివ్వాలి?



ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే ఒక్కసారి స్క్రీన్ కింద కుడివైపు మూల చూడండి. టైమ్, తేదీ ఉంటాయి. వాటి పక్కన వైఫై, స్పీకర్, బ్యాటరీ గుర్తులు. ఇంకొంచెం ఎడమకి వస్తే పైకి చూస్తున్న చిన్న బాణం కనిపిస్తుంది. దాన్ని నొక్కండి. ఒక చిన్న పెట్టె తెరుచుకుని మరికొన్ని బొమ్మలు బయటపడతాయి. వాటిలో ఎన్నింటిని మీరు గుర్తుపట్టగలరు? ఏది ఎందుకు అక్కడ ఉందో మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పగలరా?

మన పేరెంట్స్‌లో చాలామంది మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లే. మీకు ఇది ఎల్‌కేజీ పాఠంలా అనిపించవచ్చు. అయినా ఈ నెల దీని గురించే రాయడానికి ఒక కారణం ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ టర్మ్‌లో సొంతంగా ఒక చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ తయారు చేయాలి. ఒకరిది ఎక్కాల క్విజ్, ఒకరిది డిక్షనరీ, ఇంకొకరిది గంటకోసారి నీళ్లు తాగమని గుర్తుచేసే ప్రోగ్రామ్. ప్లాన్ షీట్లు తెచ్చి చూపించినప్పుడు దాదాపు అందరి షీట్‌లోనూ ఒక లైన్ కామన్‌గా ఉంది: సిస్టమ్ ట్రేలో ఐకాన్ ఉంటుంది. ఎందుకురా అని అడిగితే ఒకడు చెప్పిన జవాబు: "మిస్, అది ఉంటేనే రియల్ సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది."

వాడు పుట్టినప్పటి నుంచి చూసిన కంప్యూటర్లన్నీ అలాగే ఉన్నాయి మరి. కానీ ఆ మూల అలంకారం కోసం పెట్టింది కాదు. అక్కడ ఐకాన్ పెట్టాలా వద్దా అనేది ప్రోగ్రామ్ రాసేవాళ్లు నిజంగా కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న. ఆ ఆలోచన లేకపోతే నష్టపోయేది వాడే మనిషి. మన ఇళ్లలో ఆ మనిషి ఎక్కువగా పదమూడేళ్ల పిల్లవాడు.

ముందు పేరు సంగతి. ఆ మూల విండోస్ 95తో వచ్చింది. విండోస్ 95 విడుదలైంది 1995 ఆగస్టు 24న. అప్పటికి మన సైబర్ టవర్స్ లేదు. అది 1998 నవంబర్‌లో ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది కూడా 1998లోనే. మైక్రోసాఫ్ట్ ఆ మూలకు పెట్టిన పేరు "నోటిఫికేషన్ ఏరియా", అంటే కబురు చెప్పే చోటు. మరి "సిస్టమ్ ట్రే" ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ కనిపించే స్పీకర్, బ్యాటరీ లాంటి గుర్తులను చూసుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దాని ఫైలు పేరు సిస్‌ట్రే. నడుస్తున్న ప్రోగ్రాముల లిస్టులో ఆ పేరు చూసినవాళ్లు ఆ చోటు పేరే అది అనుకున్నారు. అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. చివరికి విండోస్ 11 సెట్టింగ్స్‌లో మైక్రోసాఫ్ట్ కూడా సిస్టమ్ ట్రే ఐకాన్స్ అనే రాసేసింది! వాడుక గెలవడం అంటే ఇదే. కానీ అసలు పేరు గుర్తుపెట్టుకుంటే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. డాట్‌నెట్‌లో ఆ ఐకాన్ పెట్టడానికి వాడే కంపోనెంట్ పేరు కూడా నోటిఫై ఐకాన్. చెప్పడానికి కబురు ఏదైనా ఉంటేనే దానికి పని.

విండోస్ 95 రోజుల్లో ప్రింటర్ గుర్తు ఎలా పనిచేసేదో చూడండి. మీరు ప్రింట్ కొట్టగానే గడియారం పక్కన చిన్న ప్రింటర్ బొమ్మ వచ్చేది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఎన్ని పేజీలు క్యూలో ఉన్నాయో కనిపించేది, వద్దనుకుంటే అక్కడే ఆపేయవచ్చు. పేజీలన్నీ అయిపోగానే ఆ బొమ్మ దానంతట అదే మాయమయ్యేది. నాకు పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. విండో ఏదీ తెరిచి లేకపోయినా వెనకాల ఒక పని జరుగుతోంది. ఆ పని ఎక్కడి దాకా వచ్చిందో మీకు తెలియాలి. దాని విషయంలో మీరు చేయగలిగింది ఒకటి ఉంది. పని అయిపోతే అది అక్కడ ఉండదు.

పెన్‌డ్రైవ్ సంగతీ అంతే. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడే దాన్ని జాగ్రత్తగా తీయడానికి పనికొచ్చే గుర్తు వస్తుంది, తీసేస్తే పోతుంది. బ్యాటరీ, వైఫై గుర్తులు ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే వాటి పరిస్థితి ఎప్పుడైనా మారవచ్చు, మారితే మీ పని ఆగిపోతుంది.

మన భాషకు సంబంధించిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డ్ యాడ్ చేసుకుంటే ఆ మూలలోనే భాష గుర్తు కనిపిస్తుంది. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది, గుర్తు కూడా మారుతుంది. ఇంగ్లీష్‌లో హోంవర్క్ టైప్ చేస్తున్నాననుకుని చూస్తే స్క్రీన్ మీద సంబంధం లేని తెలుగు అక్షరాలు పడుతుంటాయి. పిల్లలు "మిస్, కంప్యూటర్ పాడైంది" అని చెయ్యెత్తుతారు. పాడవలేదు, మూలకి చూడు అంటాను. ఏ విండో తెరిచి ఉన్నా, ఏ ప్రోగ్రామ్ వాడుతున్నా తెలియాల్సిన విషయం అది. కాబట్టి అది ఏ ఒక్క ప్రోగ్రామ్ లోపలా ఉండకూడదు, అందరికీ కనిపించే ఆ మూలలోనే ఉండాలి.

మరి ఆ మూల అంతగా ఎందుకు నిండిపోయింది? ప్రతి కంపెనీ తన ప్రోగ్రామ్ ముఖ్యమే అనుకోవడం వల్ల. 2000 ప్రాంతంలో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నెట్ సెంటర్‌కి వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చాటింగ్ మెసెంజర్లు, పాటల ప్లేయర్లు, స్కానర్ డ్రైవర్లు, డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రాములు, అన్నీ వచ్చి గడియారం పక్కన కూర్చునేవి. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఉంటుంది కదా, వచ్చిన ప్రతి డెలివరీ బాయ్ కూడా పార్సిల్ ఇచ్చేశాక అక్కడే ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. అందులో అసలు వాచ్‌మన్ ఎవరో తెలియదు. పైగా వాటిలో ఒక్కొక్కటీ కాస్త మెమరీ తీసుకుంటుంది, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు కాస్త టైమ్ తింటుంది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ చాలాకాలం వాడని ఐకాన్లను దాచడం మొదలుపెట్టింది. 2009లో విండోస్ 7 ఇంకా గట్టిగా నిర్ణయం తీసుకుంది. కొత్తగా వచ్చిన ఏ ఐకాన్ అయినా ముందు ఆ బాణం వెనక పెట్టెలోకే వెళ్తుంది. బయటికి తీసుకురావాలా వద్దా అనేది వాడే మనిషి ఇష్టం. ప్రోగ్రామ్ తనంతట తాను బయటికి రావడానికి దారి ఇవ్వలేదు. నాకు ఈ నిర్ణయం చాలా నచ్చుతుంది. నేనే ముఖ్యం అని ఎవరికి వాళ్లు చెప్పుకుంటే చాలదు, ఆ మాట ఇంటివాళ్లు అనాలి.

పిల్లలకు దీంట్లో అర్థం కావాల్సిన లెక్క ఇంకోటి ఉంది. మీ ఐకాన్ మామూలుగా దాక్కునే ఉంటుంది కాబట్టి, అత్యవసరమైన విషయం చెప్పడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ విషయం ఎవరికీ చేరదు. ఐకాన్ రంగు ఎరుపుగా మార్చాం, చూసుకోలేదు అంటే తప్పు చూడనివాళ్లది కాదు. ఆ బొమ్మ పాత స్క్రీన్ల మీద అడ్డం 16, నిలువు 16 చుక్కలు మాత్రమే. అంత చోటులో ఎరుపు, ఆకుపచ్చ తేడా అందరికీ తెలియదు. ఆ రెండు రంగులు విడిగా కనిపించని పిల్లలు ఏ స్కూల్లోనైనా ఉంటారు. అందుకే రంగుతో పాటు ఆకారం కూడా మారాలి. వన్‌డ్రైవ్ మబ్బు గుర్తు చూడండి: సైన్ ఇన్ కాకపోతే బూడిద రంగు మబ్బు మీద అడ్డగీత వస్తుంది. రంగు పట్టించుకోకపోయినా గీత కనిపిస్తుంది. (మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఐకాన్‌లో "తెలుగు" అని పూర్తిగా రాద్దామనుకుంది. స్క్రీన్ మీద చూస్తే చీమల బారులా వచ్చింది. ఇప్పుడు ఒక్క "తె" మాత్రమే ఉంది, బాగుంది.)

ఆ మబ్బు గుర్తు సంగతి పేరెంట్స్‌కి కూడా చెప్పాలి. రాత్రి పదింటికి ప్రాజెక్ట్ ఫైల్ సేవ్ చేసి "క్లౌడ్‌లో ఉంది మిస్" అని నమ్మకంగా వచ్చిన పిల్లలకు పొద్దున ల్యాబ్‌లో ఫైల్ దొరకని సందర్భాలున్నాయి. ఫైల్ ఇంకా ఇంటి ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, అప్‌లోడ్ ఆగిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్ మూసే ముందు ఆ మబ్బు మీద మౌస్ పెట్టి చూస్తే అప్‌లోడ్ అయ్యిందో లేదో తెలిసిపోతుంది. ట్రే ఐకాన్‌కి న్యాయంగా చోటు సంపాదించుకున్న ప్రోగ్రామ్ అంటే ఇలాంటిది. దాని పనంతా విండో లేకుండానే జరుగుతుంది, ఆగిపోతే మనకు నష్టం.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించే విషయానికి వస్తాను: ఇంటూ గుర్తు. విండో పైన కుడివైపు ఇంటూ నొక్కితే ప్రోగ్రామ్ ఆగిపోయింది అని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లూ అలాగే అనుకుంటారు. కానీ ట్రేలో చోటు సంపాదించిన చాలా ప్రోగ్రాములు ఇంటూ నొక్కినప్పుడు కనిపించకుండా పోతాయి, ఆగవు. చాట్ ప్రోగ్రామ్ విషయంలో ఇది సబబే, లేకపోతే మెసేజ్ ఎలా వస్తుంది? పాటల ప్లేయర్ విషయంలోనూ సర్దుకోవచ్చు. కానీ 2020 లాక్‌డౌన్ తర్వాత మన ఇళ్లలో ఒకే ల్యాప్‌టాప్ మీద ఆఫీస్ మీటింగూ ట్యూషన్ క్లాసూ రెండూ నడవడం మామూలైపోయింది. క్లాస్ అయిపోయిందనుకుని పిల్లవాడు ఇంటూ నొక్కి లేచి వెళ్తాడు. నిజంగా అయిపోయిందా, మైక్ ఇంకా ఆన్‌లో ఉందా? వాడు ఇంట్లో మాట్లాడే ప్రతి మాటా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఏ ప్రోగ్రామ్ అయినా మైక్ వాడుతున్నంతసేపు ఆ మూలలో చిన్న మైక్ బొమ్మ కనిపిస్తుంది. మౌస్ దాని మీద పెడితే ఏ ప్రోగ్రామ్ వాడుతోందో పేరు చెబుతుంది. వాడకం ఆగితే బొమ్మ పోతుంది. అదే ప్రింటర్ గుర్తు పద్ధతి. మీ పిల్లలకు ఈ ఒక్కటి చూపించినా చాలు: క్లాస్ అయ్యాక ఇంటూ నొక్కడంతో సరిపెట్టుకోకుండా మూలలో మైక్ బొమ్మ పోయిందో లేదో చూడమని చెప్పండి.

ప్రోగ్రామ్ రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే దీనికి మర్యాదలు ఉన్నాయి. ఇంటూ నొక్కినా నేను నడుస్తూనే ఉంటాను అని మొదటిసారే చెప్పాలి. అలా నడవడం వద్దనుకునేవాళ్లకి సెట్టింగ్స్‌లో దారి ఉండాలి. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో పూర్తిగా ఆపేసే ఎగ్జిట్ ఉండాలి, నొక్కితే నిజంగా ఆగాలి. ఎగ్జిట్ లేని ట్రే ఐకాన్‌ని నేను మార్కులు ఇచ్చేటప్పుడు ప్రాజెక్ట్‌గా లెక్కపెట్టను అని క్లాస్‌లో ముందే చెప్పేశాను.

ఈ మర్యాదలు పెద్ద కంపెనీలు కూడా తప్పిన సందర్భం ఒకటి పిల్లలకు చెబుతుంటాను. 2015 జూన్‌లో విండోస్ 7, 8.1 వాడుతున్నవాళ్ల ట్రేలో వాళ్లు అడగకుండానే ఒక తెల్లని విండోస్ గుర్తు ప్రత్యక్షమైంది. విండోస్ 10 ఉచితంగా తీసుకోండి అని చెప్పడం దాని పని. అంటే కబురు చెప్పే చోటులో మైక్రోసాఫ్ట్ తన ప్రకటన తానే పెట్టుకుంది. 2016 మేలో అయితే అప్‌గ్రేడ్ టైమ్ ఇది అని చూపించే విండోలో ఇంటూ నొక్కినా, వద్దన్నట్టు కాకుండా సరేనన్నట్టు లెక్కలోకి వెళ్లింది. జనం బాగా కోప్పడ్డారు. తర్వాతి నెలలో, ఇంటూ నొక్కితే ఆ విండో మూసుకుపోవడమే అనీ, ఆఫర్ వద్దని చెప్పడానికి వేరే బటన్ ఇస్తామనీ కంపెనీ ప్రకటించింది. నియమం రాసినవాళ్లే దాన్ని దాటారు కాబట్టి మేమూ దాటొచ్చా అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. మీ నాన్నగారి ల్యాప్‌టాప్‌లో రాత్రికి రాత్రి అలా జరిగితే ఆయన ఏమంటారో అడిగి రా అన్నాను.

ఇక పిల్లల ప్లాన్ షీట్ల దగ్గరికి వద్దాం. ఎక్కాల క్విజ్‌కి ట్రే ఐకాన్ అక్కర్లేదు. విండో మూస్తే ఆట అయిపోయినట్టే, వెనకాల జరిగేది ఏమీ లేదు. డిక్షనరీ చేస్తున్న అబ్బాయి కాస్త వాదించాడు: "ఒక్క క్లిక్‌తో తెరుచుకోవాలి కదా మిస్?" దానికి టాస్క్‌బార్‌కి పిన్ చేసుకోవడం ఉంది, స్టార్ట్ మెనూ ఉంది. త్వరగా తెరవడానికి కబురు చెప్పే చోటు ఎందుకు? ఇంటర్నెట్ డేటా ఎంత ఖర్చయిందో లెక్కపెట్టే ప్రోగ్రామ్ చేస్తున్న అమ్మాయికి మాత్రం వెంటనే సరే అన్నాను. ఇంట్లో లిమిట్ ఉన్న హాట్‌స్పాట్ మీద నడిచేవాళ్లకు ఆ అంకె అన్ని వేళలా పనికొస్తుంది.

నీళ్లు గుర్తుచేసే ప్రోగ్రామ్ దగ్గర మేము ఒక పీరియడ్ మొత్తం ఆగిపోయాం. అది వెనకాల నడవాలి, నిజమే. కానీ చూపించడానికి దాని దగ్గర మారే పరిస్థితి ఏముంది? గంటకోసారి నోటిఫికేషన్ వస్తుంది, అంతే. ఐకాన్ లేకుండా నోటిఫికేషన్ ఒక్కటే పంపితే సరిపోదా అని సగం క్లాస్. అయితే పరీక్ష రాస్తున్నప్పుడు దాన్ని కాసేపు ఆపాలంటే ఎక్కడ పట్టుకోవాలి అని మిగతా సగం. చివరికి నేను రెండో వైపు మొగ్గాను. కనిపించకుండా నడిచే ప్రోగ్రామ్‌ని ఆపడానికి ఒక పిడి కావాలి. రిమైండర్లు ఆన్ చేసి ఉన్నంతసేపే ఐకాన్ ఉండాలి, ఆఫ్ చేస్తే పోవాలి, రైట్ క్లిక్‌లో "గంటసేపు ఆపు" ఉండాలి అని ఒప్పందానికి వచ్చాం. మీలో ఎవరైనా ఇంకోలా అనుకుంటే పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు నాతో వాదించవచ్చు, నాకు ఇష్టమే.

ఇది విండోస్ గొడవ మాత్రమే కాదు. మ్యాక్‌లో ఇవే ఐకాన్లు పైన మెనూ బార్‌లో కుడివైపు ఉంటాయి, అక్కడా ఇదే రద్దీ. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ 2017లో పాత ట్రేని పూర్తిగా తీసేసింది. కొందరు సంతోషించారు, కొందరు యాడ్‌ఆన్‌లు వేసుకుని మళ్లీ తెచ్చుకున్నారు. ఫోన్‌లో మ్యాప్స్ దారి చెబుతున్నంతసేపు పైన నోటిఫికేషన్ కదలకుండా ఉంటుంది కదా, అదీ ఈ కుటుంబమే.

ఇంట్లో మీరు చేయదగ్గ పని ఒకటి ఉంది, పది నిమిషాలు చాలు. పిల్లలతో కూర్చుని ఆ బాణం వెనక ఉన్న ఒక్కో ఐకాన్‌నీ అడగమనండి: విండో లేనప్పుడు నువ్వు ఏం చేస్తున్నావు? జవాబు దొరకని వాటి కోసం కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ లిస్టులో దాన్ని డిజేబుల్ చేస్తే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది దానంతట అది మొదలవదు. ప్రోగ్రామ్ డిలీట్ కాదు, కావాలన్నప్పుడు మామూలుగా తెరుచుకోవచ్చు. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఇదంతా సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రమే. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అక్కడున్న వీపీఎన్, సెక్యూరిటీ ఐకాన్లు మీ ఐటీ టీమ్ పెట్టినవి. పిల్లలు ఉత్సాహంతో వాటి మీద ఎగ్జిట్ నొక్కకుండా చూడండి. మీ మేనేజర్ నుంచి ఫోన్ వస్తే నేను బాధ్యురాలిని కాను.

ప్లాన్ షీట్‌లో ఈసారి ఒక గడి అదనంగా పెట్టాను: "విండో మూసిన తర్వాత నీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?" ట్రే ఐకాన్ కావాలనుకునేవాళ్లు ముందు ఆ గడి నింపాలి. పిల్లలే నింపాలి. మీరు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఆర్కిటెక్ట్ అయినా సరే, చేతిరాత నాకు తెలిసిపోతుంది.